ఏవగింపు ధర్మప్రమాణమగునా?

మనుజుడు తనకు నచ్చనిదానిని చెడ్డదనుట మిక్కిలి సులభము. "ఇది నాకు రుచింపదు" అనుటకును "ఇది తినరానిది" అనుటకును నడుమ ఎంతో దూరము గలదు. "ఇది తినరానిది" అనుటకును "దీనిని తినువాడు హీనుడు" అనుటకును నడుమ అంతకంటె నెక్కువ దూరము గలదు. అయినను మనలో పెక్కుమంది యీ రెండు దూరములను ఒక్క యంగలో దాటుచున్నారు. మొదటిమాట నాలుకకు చెందినది. రెండవది విశ్వాసమునకో శాస్త్రమునకో చెందినది. మూడవది తోడిమనుష్యుని మర్యాదకు చెందినది. ఈ మూటిని విడదీసి పరిశీలించుటకై మేమొక వంటకమును నిదర్శనముగా గైకొనుచున్నాము. దాని పేరు వినగనే చదువరులలో కొందరికి నోరూరవచ్చును. కొందరికి కడుపు త్రిప్పవచ్చును. ఇరువురును ఓపికతో తుదివరకు చదువవలెనని కోరుచున్నాము. ఏలయన ఈ విచారము ఇరువురికిని సంబంధించినది.

ఆ వంటకము, ఇటలీదేశీయులు పరిమళపుటాకులు దట్టించి కాల్చు పందిమాంసము. దానిని వారు "పోర్కెత్తా" అందురు. రోమునగరమునకు ఆగ్నేయదిశను, ఆల్బా కొండలలో, అరీచ్చా యను చిన్నపట్టణము గలదు. పోర్కెత్తాకు ఆ యూరు పెట్టినది పేరు. అచ్చట పందిని ఎముకలు తీసివేసి, లోపల ఉప్పు, మిరియము, వెల్లుల్లి, రోజ్‌మేరీ యాకు పట్టించి, చుట్టి దారముతో కట్టి, కొన్ని గంటలసేపు కాల్చుదురు. పైచర్మము అప్పడమువలె పెళుసెక్కును; లోపలి మాంసము మెత్తబడి పరిమళించును. దానిని పలుచగా కోసి రొట్టెలో పెట్టి వీధిదుకాణములయందును ఉత్సవములయందును అమ్ముదురు. 2011లో ఐరోపా సమాఖ్య ఈ వంటకమునకు అరీచ్చా పేరిట భౌగోళికసూచిక రక్షణ నొసగినది. 2023లో మన ఆత్రేయపురపు పూతరేకులకు లభించిన గుర్తింపు ఇట్టిదే. ఉత్తరమున ఉంబ్రియా సీమలో అడవిసోపునకు మన్నన యెక్కువ. ఆ సీమలోని నోర్చా యను నూరివారు ఈ పనిలో నెంత ప్రసిద్ధులనగా, ఇటాలియను భాషలో పందిమాంసము కోసి యమ్మువానికి "నోర్చీనో" అనునదే పేరైనది.

టస్కనీ సీమలో ఇట్టిదే మరియొక వంటకము గలదు. పంది నడుముభాగపు మాంసమును వెల్లుల్లి, రోజ్‌మేరీలతో కాల్చి దానిని "అరిస్తా" అందురు. 1439లో ఫ్లారెన్సునందు క్రైస్తవమతసభ జరిగినప్పుడు గ్రీకుదేశపు బిషప్పులు దీని రుచి చూచి, తమ భాషలో "శ్రేష్ఠము" అను నర్థమిచ్చు మాటతో మెచ్చుకొనిరనియు, ఆ మెప్పే పేరుగా నిలిచెననియు నొక కథ గలదు. పెల్లెగ్రీనో అర్తూసి 1891లో ప్రకటించిన తన ప్రసిద్ధ పాకశాస్త్రగ్రంథమున ఈ కథను చెప్పియున్నాడు. కాని యా మాట అంతకు ముందటి 14వ శతాబ్దపు ఫ్లారెన్సు రచనయందే కానవచ్చుచున్నది. కనుక సభవలన పేరు వచ్చినదనుట పొసగదు. అయినను కథ బ్రతికియున్నది. ప్రీతిపాత్రమగు వస్తువునకు జనులు గొప్ప వంశవృక్షమును కల్పింతురు. ప్రీతిలేనిదానికి నీచమగు వంశవృక్షమును కల్పింతురు. రెంటియందును ముందు పుట్టినది మనస్సులోని భావము; కారణము దాని వెంట వచ్చినది.

ఇంకొక వింత చూడుడు. పందిమాంసమును పండుగవంటకముగా భుజించు ఇటలీలోనే "పోర్కో", అనగా పంది, యను మాట కఠినమగు తిట్టు. తినువారి దేశమునను అది తిట్టే. తిననివారి దేశమునను అది తిట్టే. ఆహారపుటలవాటు మారినంతమాత్రమున మనస్సులోని తిరస్కారము మారదని దీనివలన తేటపడుచున్నది.

ఈ వంటకమును ఇంటియందు చేయు విధమును కొంచెము వివరించెదము. ఏవగింపు చేతిపనికి దూరముగా నున్నవారియందే బలిసియుండును గనుక, పని యెట్టిదో తెలిసికొనుట మన విచారమునకు సాయపడును. పందినంతయు కాల్చు పొయ్యి గృహస్థులకుండదు. కావున చర్మముతోగూడిన పొట్టమాంసపు పలకను, రెండు కిలోల తూకముగలదానిని, తీసికొనవలెను. కిలోకు 15 గ్రాముల చొప్పున 30 గ్రాముల ఉప్పు చాలును. పెద్దచెంచెడు సోపుగింజలను దోరగా వేయించి, మిరియాలతో కలిపి కచ్చాపచ్చాగా దంచవలెను. నాలుగైదు వెల్లుల్లి రెబ్బలను, రెండు రెమ్మల రోజ్‌మేరీ యాకును సన్నగా తరిగి, నిమ్మపండు పైతొక్కను కొంచెము తురిమి, అన్నిటిని కలిపి మాంసపు లోపలివైపు బాగుగ రుద్దవలెను. చర్మము వెలుపలికుండునట్లు చాపవలె చుట్టి, అంగుళమునకొకటి చొప్పున దారపుకట్లు వేయవలెను. చర్మముపై మరికొంచెము ఉప్పు రాచి, మూతపెట్టక, ఒక రాత్రి రిఫ్రిజిరేటరులో నుంచవలెను. చర్మములోని తేమ తగ్గనిదే అది పెళుసెక్కదు.

మరునాడు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల ఓవెనులో మూడున్నర మొదలు నాలుగు గంటలవరకు నుంచవలెను. పొట్టమాంసములోని గట్టినారలు ఈ మందసెగకు మెల్లమెల్లగా కరగి జిగురగును. తొందరపడినచో మాంసము తోలువలె సాగును. తుదకు వేడిని 230 డిగ్రీలకు పెంచి ఇరువది ముప్పది నిమిషములుంచినచో చర్మము బుడగలెత్తి పెళపెళలాడును. దించిన పిమ్మట అరగంటసేపు కత్తి తగుల్పరాదు. నడుముభాగపు అరిస్తాకు ఇంతకాలము పట్టదు. దాని నడిమిభాగము 63 డిగ్రీల వేడికి వచ్చి, దించిన పిదప మూడు నిమిషములు నిలిచినచో చాలునని అమెరికా వ్యవసాయశాఖ 2011లో చెప్పినది; అంతకుముందు 71 డిగ్రీలు కావలెననెడిది.

ఇందు మాంసమను మాటను కప్పిపెట్టి చదివినచో, ఏ తెలుగింటి వంటగదికిని పరాయిదగు పని లేదు. సోపు వేయించుట, మిరియము దంచుట, వెల్లుల్లి నలుచుట, ఉప్పు పాలెంతయో తూచుట, సెగ తగ్గించి ఓర్పుతో కాచుకొనియుండుట మన యింటి ఆడువారును మగవారును ఎరిగిన పనులే. మేకమాంసము వండువారికి పచ్చిమాంసపు వాసనయు క్రొత్తది గాదు. అయినను, మేకను సంతోషముగా వండుకొను నింటనే పంది పేరెత్తగనే ముక్కు మూసికొందురు. ఆ ముక్కు మూసికొనుటకు కారణము గిన్నెలో లేదు, మరెచ్చటనో వెదుకవలెను.

కారణము లడిగినచో పండితులు పెక్కింటిని చెప్పిరి. యూదుల ధర్మగ్రంథమగు లేవీయకాండము చెప్పిన లక్షణమొక్కటే: పందికి గిట్ట చీలియున్నది గాని యది నెమరువేయదు. దాని మురికినిగూర్చి గాని రోగమునుగూర్చి గాని యచ్చట ప్రస్తావన లేదు. 12వ శతాబ్దపు యూదపండితుడు మైమోనిడీసు, తాను వైద్యుడు గూడ నగుటచేత, పంది బ్రతుకులోని మురికియే నిషేధమునకు ముఖ్యకారణమని వ్రాసెను. 1835లో లండనునందు మనుష్యదేహపు కండలలో ట్రికినెల్లా యను సూక్ష్మమగు పురుగు కనబడినది. సరిగా నుడుకని పందిమాంసమువలన అది సంక్రమించునని పిమ్మట తేలగా, ప్రాచీనులు దీనినెరిగియే నిషేధించిరని కొందరు చెప్పసాగిరి. నిషేధము పురాతనము, కారణము ప్రతియుగమున క్రొత్తది. మతాజ్ఞను పాటించువానికి ఈ కారణములతో పనియే లేదు, ఆజ్ఞయే చాలును. ఆజ్ఞ లేకయే యేవగించుకొనువాడు మాత్రము కారణములను అరువు తెచ్చుకొనుచుండును.

ఆ యరువు కారణములలో మొదటిది, పంది మురికిజంతువనుట. పందికి పనికివచ్చు చెమటగ్రంథులు బహు తక్కువ. ఎండకాలమున దేహమును చల్లార్చుకొనుటకై యది బురదలో పొర్లును. మంచినీరును నీడయు దొరికిన పంది శుభ్రమగు చోటనే పండుకొనును. రెండవది, రోగభయము. పందిమాంసమువలన కలుగు బద్దెపురుగు నిజముగా భయంకరమైనదే. కాని దాని చరిత్ర యెచ్చట మొదలిడుచున్నదో చూడుడు. ఆ పురుగు పెద్దదై నివసించునది మనుష్యుని ప్రేగులలో. దాని గ్రుడ్లు మనుష్యుని మలముతో బయటపడును. ఆ మలమును తిన్న పంది కండలలో పిల్లపురుగులు చేరును. ఆ మాంసమును పచ్చిగా తిన్న మనుష్యునిలో అవి మరల పెద్దవగును. అంతేగాక, ఆ గ్రుడ్లు మురికినీటిద్వారమున, కడుగని చేతులద్వారమున మనుష్యుని కడుపులో ప్రవేశించినచో, పిల్లపురుగులు మెదడునకు చేరి మూర్ఛరోగము కలిగించును. ఈ వ్యాధి జన్మమెత్తి మాంసము ముట్టనివారికిని వచ్చుచున్నది. మన దేశమున మూర్ఛకు గల కారణములలో నిది యొకటి. కావున ఈ రోగమునకు పంది దారిలోని మజిలీ మాత్రమే. మొదలును చివరయు మనుష్యుడే. మరుగుదొడ్లు లేని యూరు తన మురికిని పందికి తినిపించి, పిదప పందిని మురికిజంతువని తిట్టుచున్నది. గురివిందగింజ తన క్రింది నలుపెరుగదను సామెత ఇట్టిచోటనే పుట్టియుండును.

మూడవ కారణము మనవారు తరచుగా చెప్పునది: శాస్త్రము. మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక శాస్త్రమును తేలికగా త్రోసివేయుట మాకిష్టము లేదు. అది యేమి చెప్పినదో పూర్తిగా చదువుదము. మనుస్మృతి ఐదవ యధ్యాయమున 19వ శ్లోకము పుట్టగొడుగును, ఊరపందిని, వెల్లుల్లిని, ఊరకోడిని, నీరుల్లిని ఒక్క వరుసలో చేర్చి, తెలిసి వీనిని తిన్న ద్విజుడు పతితుడగునని చెప్పుచున్నది. అరీచ్చా వంటవాడు ఆ వరుసలోని రెంటిని ఒక్క చుట్టలో చుట్టుచున్నాడన్నమాట. మరి మన సంగతి యేమి? వెల్లుల్లి మన యావకాయలోనికి వచ్చినది. నీరుల్లి లేనిదే పులుసు లేదు. కోడి ప్రతి ఆదివారమును పెక్కుయిండ్లకు వచ్చుచున్నది. పుట్టగొడుగులు పెండ్లివిందులలో వడ్డింపబడుచున్నవి. ఐదింట నాలుగు వచ్చి పీటలపై కూర్చున్నవి. ఐదవది గడపదగ్గరకు రాగానే మనకు శ్లోకము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. పైగా, అదే గ్రంథము మూడవ యధ్యాయమున వరాహమాంసముతో పెట్టిన శ్రాద్ధమువలన పితరులు పది మాసములు తృప్తులగుదురని చెప్పుచున్నది. అడవిపందికిని ఊరపందికిని గల భేదమును శాస్త్రము పాటించినదనుట నిజమే. కాని "పంది" యను పేరే రోతయని శాస్త్రము చెప్పలేదు. చెప్పియున్నచో విష్ణువు వరాహరూపమెత్తుట యెట్లు? వేంగీచాళుక్యులు వరాహమును తమ లాంఛనముగా ధరించుట యెట్లు? తిరుమలలో వరాహస్వామిని ముందుగా దర్శింపవలెనను సంప్రదాయ మెట్లు నిలుచును? ఆ స్వామికి మ్రొక్కివచ్చినవారే యింటికి తిరిగివచ్చి పొరుగు పిల్లవానిని పందియని తిట్టుట చూచుచున్నాము.

ఏవగింపు పుట్టుకతో వచ్చు జ్ఞానము కాదు. అందు అలవాటు పాలు మెండు. మన యింగువనే తీసికొందము. మనకు అది పోపునకు ప్రాణము. ఐరోపావాసులు దానిని "దయ్యపు పేడ" అని తమ భాషలలో పిలిచిరి. ఇంగువ వాసనకు ముక్కు మూసికొను ఐరోపావాని చూచి మనము నవ్వుదుము. కుళ్లినట్లు వాసనకొట్టు వారి జున్నును చూచి మనము ముక్కు మూసికొందుము. ఇరువురి ముక్కులును ఒకే ప్రకృతి నిర్మించినవి. భేదము చిన్ననాట తల్లి పెట్టిన ముద్దలో నున్నది.

అట్లని ఏవగింపు నిరర్థకమని మేమనము. చెడిన యన్నమును, కుళ్లిన మాంసమును నోటికి చేరనీయక కాపాడునది యదియే. అది దేహమునకు మంచి కావలివాడు. కావలివాడు అనుమానము తోచినప్పుడు కేకవేయవలెను. కేకవేయుట అతని పని. కాని ఆ కేక విన్న వెంటనే, వచ్చినవాడెవడో విచారింపక శిక్షించు న్యాయాధిపతి యుండునా? కావలివానిని తీసికొనివచ్చి న్యాయపీఠముపై కూర్చుండబెట్టుటయే మనలో జరుగుచున్న పొరపాటు. నా కడుపు త్రిప్పినది గనుక నీవు హీనుడవనుట, తీర్పు కాదు, కేక మాత్రమే.

పందిమాంసము వలదనువారిలో మూడు తెగలవారు గలరు. వారిని కలగాపులగముగా చూచుట న్యాయము కాదు.

మొదటివారు ఆజ్ఞాబద్ధులు. యూదులును మహమ్మదీయులును ఈ తెగవారు. వీరినిగూర్చి మనము తరచుగా వీరికి ఆ మాంసము రోత యనుకొందుము. కాని క్రీస్తుశకపు తొలి శతాబ్దములలోని ఎలియాజరు బెన్ అజర్యా యను యూదాచార్యుడు చేసిన బోధ మిక్కిలి గంభీరమైనది. పందిమాంసము నాకు రుచింపదని యూదుడు చెప్పరాదట. నాకును రుచియే, కాని నా తండ్రియగు దేవుడు వలదని యాజ్ఞాపించెను, నేనేమి చేయుదునని చెప్పవలెనట. ఎంత నిర్మలమైన మాట! ఇందు ఏవగింపు లేదు. తినువానిపై తిరస్కారము లేదు. వ్రతమంతయు తన నాలుకపై తాను నిలుపుకొన్న యేలుబడి. రోతపడి మానినవానికి నిగ్రహముతో పనిలేదు. కోరికయుండియు మానినవానిదే నిగ్రహము.

రెండవవారు దయాళువులు. ఇంతటి తెలివిగల ప్రాణిని నాలుకకొరకు చంపవచ్చునా యని వీరడుగుదురు. ఈ ప్రశ్నకు పోర్కెత్తా పరిమళము సమాధానము కాజాలదు. 2021లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో నాలుగు పందులు మూతితో ఒక మీటను త్రిప్పి యంత్రపు తెరపై గురుతును కదల్చుట నేర్చుకొనెను. బురదజంతువని మనము తిట్టునది ఇంత నేర్వగలదు. కడుపుతోనున్న పందులను, తిరుగుటకైనను చోటులేని యిరుకు కటకటాలలో నెలలతరబడి బంధించు పద్ధతిని ఐరోపా సమాఖ్య 2013 మొదలు చాలవరకు నిషేధించినది. వండుకొను గృహస్థు తన బల్లపైని మాంసము ఎట్టి బ్రతుకునుండి వచ్చినదో విచారించుట ధర్మము. అయితే దయను పేర్కొనువానిని మేమొక్కటి యడుగుదుము: మీ దయ మేకకును కోడికిని చెందునా? చెందినచో మీకు మా నమస్కారము. మేకను తినుచు పందిని విడుచువాడు దయ పేరెత్తుట తగదు.

మూడవవారు తిరస్కారులు. వీరికి ఆజ్ఞయు లేదు, దయయు లేదు. ఫలానివారు తినునది గనుక మేము తినము. మేము తిననిది తినుచున్నారు గనుక వారు తక్కువవారు: ఇదియే వీరి తర్కము. ఇది గానుగెద్దువలె తిరుగు తర్కము. తెలుగుదేశమున పందులు పెంచి బ్రతికినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వారి మందలను తిట్టుచునే ఊరిచెత్త నెత్తివేయు పనిని ఊళ్లు ఆ మందలకు వదలివైచినవి. ఇతరులు తమ యాహారమును తామేర్పరచుకొందురు; వీరి యాహారమును మాత్రము వీరి జాతిలక్షణముగా లెక్కింతురు. మేము ఉపాధ్యాయులము గనుక దీని ఫలమును దగ్గరనుండి చూచుచున్నాము. మధ్యాహ్నభోజనవేళ తన యన్నపుగిన్నె మూతను సగమే తెరచి, ప్రక్కకు తిరిగి, త్వరత్వరగా తిని లేచిపోవు బాలుడు ప్రతిపాఠశాలయందును ఒకడుండును. వాని గిన్నెలో నేమున్నదో మేము చూడనక్కరలేదు. వానికి సిగ్గు నేర్పినవారు చుట్టునున్న పిల్లలు. ఆ పిల్లలకు నేర్పినవారు పెద్దలు. లెక్కలను చరిత్రను మేము పది సంవత్సరములు చెప్పినను, ఆ యరగంటలో వాడు నేర్చుకొను పాఠము అన్నిటికంటె గట్టిగా నాటుకొనును. ఏవగింపునకు అధికారమిచ్చినచో కలుగు నష్టమిది.

ఇంతవరకు చెప్పినది చదివి, తినుటయే యభ్యుదయమని కొందరు భ్రమపడుదురేమో. రుచియు ధర్మప్రమాణము కాదు. నాకు నచ్చినది గనుక నీవును తినవలెననుట, నాకు రోత గనుక నీవు మానవలెననుటకు తోబుట్టువు. స్పెయినుదేశమున మతవిచారణసభలవారు, క్రైస్తవము స్వీకరించిన యూదులలో నెవడు పందిమాంసము ముట్టడో కనిపెట్టి, దానినే వానిపై సాక్ష్యముగా చూపిరి. ఇంటివిందు ప్రాణాంతకమగు పరీక్షగా మారినది. మన దేశముననే, 1831లో, కలకత్తాయందు కృష్ణమోహన బెనర్జీ యింట, ఆయన లేని సమయమున, ఆయన మిత్రులగు సంస్కారాభిమానులు గోమాంసము తిని, ఎముకలను పొరుగు బ్రాహ్మణుని యింటిలోనికి విసరిరి. దాని ఫలితముగా కృష్ణమోహనుడు ఇల్లు విడువవలసివచ్చెను. మూఢాచారమును ఖండించుట వేరు. పొరుగువాని మనస్సును గాయపరచి వినోదించుట వేరు. ఎముక విసరినవాడును, గిన్నె చూచి యెగతాళి చేసినవాడును ఒకే బడిలో చదివినవారు.

ఇప్పుడు ఇంటిమాటకు వత్తము. విదేశములయందు కాపురముండు తెలుగువారి యిండ్లలో నీ చిక్కు నిజముగా గలదు. కొడుకుకోడండ్రు అచ్చటి స్నేహితులవలె సెలవునాడు ఓవెనులో పందిమాంసము కాల్చుకొనగోరుదురు. తల్లి దేశమునుండి వచ్చి ఆ యింటనే యుండును. తల్లికి ఆ వాసనయే కిట్టదు. ఎవరి ధర్మమేమి? మాకు తోచిన ధర్మము లివి. తల్లి తినకుండుటకు కారణము చెప్పనక్కరలేదు, వలదనుటయే చాలును. ఆమెకొరకు వేరుగిన్నె, వేరుకత్తి, వేరుపలక యుంచుట కొడుకునకు భారము కారాదు. వాసన పోవునట్లు కిటికీలు తెరచుట, లేదా యామె యున్ననాళ్లు ఆ వంట మానుకొనుట, ఓటమి కాదు. తల్లియు కోడలిని చూచి, "ఇట్టివి వండుదానవా" యని యామె కులమును, పెంపకమును ఎత్తరాదు. వంటకమును నిరాకరించు హక్కు ఆమెకు గలదు. వండినదానిని చిన్నబుచ్చు హక్కు లేదు. అన్నిటికంటె ముఖ్యము, అతిథికి వడ్డించు పళ్లెములో నేమున్నదో దాచి పెట్టుట మహాపాపము. ఆజ్ఞాబద్ధునకో దయాళువునకో తెలియకుండ తినిపించి, పిదప చప్పట్లు కొట్టువాడు సంస్కర్త కాడు; విశ్వాసఘాతకుడు. మాంసముకంటె అబద్ధము వంటింటిని ఎక్కువ మైలపరచును.

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని పెద్దలన్నారు. ఆ సామెత నాలుకల భేదమును ఒప్పుకొన్నది గాని, నాలుకనుబట్టి మనుష్యులకు మెట్లు కట్టుమని చెప్పలేదు. అరీచ్చా వీథిలో రొట్టెనడుమ పోర్కెత్తా పెట్టుకొని తినువాడును, ఆ వీథినే నడచుచు తన ధర్మము తలచి తినక సాగిపోవువాడును, ప్రాణిహింస కొల్లక ప్రక్కకు తొలగువాడును ముగ్గురును మర్యాదకు సమానముగా అర్హులు. నాలుగవవాడొకడు ముక్కు మూసికొని తక్కిన మువ్వురకును తరగతులు నిర్ణయింపబూనినచో, అతడు తన యేవగింపును తనయొద్దనే యుంచుకొనవలెనని మృదువుగా చెప్పుదము. ఏది తినవలెనో, ఏది మానవలెనో ఎవరి యంతరాత్మకు వారిని విడుతము. తిన్నవానిని గాని మానినవానిని గాని మన ప్రక్కను కూర్చుండనిచ్చి, వాని గిన్నె మూత భయములేక తెరచుకొననిచ్చుట మాత్రము మనయందరి బాధ్యత. ఆ బాధ్యతను పిల్లలకు నేర్పుటకు పాఠ్యపుస్తకము రానక్కరలేదు. రేపటి మధ్యాహ్నభోజనవేళ చాలును.